పరదేశికీ స్వదేశికీ ఒకటే విధి అన్నారు, మరి వడ్డీ దగ్గర ఎందుకు మారింది?

గోదావరి_గట్టు:
అందరికీ వందనాలు. మా సంఘంలో యౌవనస్థుల బైబిల్ స్టడీ నేను చూస్తుంటాను. ఇప్పుడు నిర్గమకాండం 12వ అధ్యాయం నడుస్తోంది. పస్కా పండుగ నియమాలన్నీ చెప్పాక 49వ వచనంలో, దేశంలో పుట్టినవాడికీ మీ మధ్య ఉండే పరదేశికీ ఒకటే విధి అని వస్తుంది. ఇదే మాట లేవీయకాండం 24:22లో ఉంది, సంఖ్యాకాండం 9:14లో ఉంది, 15వ అధ్యాయంలో మళ్లీ మళ్లీ వస్తుంది. అంత పాత కాలంలో ఎంత పెద్ద మాట చెప్పారో అని నాకు ఒళ్లు పులకరించింది. క్లాసులో కూడా అలాగే చెప్పాను.

అప్పుడు బీటెక్ చదివే ఒక అమ్మాయి ద్వితీయోపదేశకాండం 23:20 తీసింది. సహోదరుడి దగ్గర వడ్డీ తీసుకోకూడదు, అన్యుడి దగ్గర తీసుకోవచ్చు. 15:3లో ఏడో ఏట అప్పు వదిలేయమన్నది కూడా సహోదరుడికే. 14:21 ఇంకా ఇబ్బంది: దానంతటది చచ్చినదాన్ని మీరు తినవద్దు, పరదేశికి ఇవ్వండి, లేదా అన్యుడికి అమ్మండి. "ఒకటే విధి అంటే ఇదేనా అన్నయ్యా?" అని అడిగింది. పిల్ల నిజాయితీగా అడిగిన ప్రశ్న. పైపైన సర్దిచెప్పడం నాకిష్టం లేదు. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

హీబ్రూ_బెంచీ:
వందనాలు అన్నా. వేదాంత కళాశాలలో పాత నిబంధన చదువుతున్నాను. నాకు తెలిసినంత రాస్తాను.

ధర్మశాస్త్రంలో "బయటివాడు" అంటే ఒకే రకం మనిషి కాదు. సొంత ఊరు వదిలి వచ్చి, భూమి లేకుండా ఇశ్రాయేలీయుల మధ్య స్థిరపడినవాడు ఒకడు. మన బైబిల్లో సాధారణంగా పరదేశి అంటున్నది ఇతన్నే. కొన్నాళ్లు ఉండిపోయే అతిథి, కూలివాడు ఇంకో రకం. సొంత దేశం, సొంత జనం వెనక ఉండి, పని మీద వచ్చి వెళ్లే అన్యుడు మూడో రకం. "ఒకటే విధి" అన్న మాట దాదాపు ప్రతిచోటా మొదటి రకం మనిషి గురించే. వడ్డీ వచనం మూడో రకం గురించి. అన్యుడికిచ్చేది చాలావరకు వ్యాపారానికి పెట్టుబడి. ఊళ్లో పేదవాడు తెచ్చుకునేది పంట చేతికొచ్చేదాకా తిండిగింజల అప్పు. రెండో దానికి వడ్డీ గుంజితే వాడి పిల్లలు బానిసలవుతారు, అందుకే నిషేధం.

మాంసం సంగతి వేరు. అక్కడ నిజంగానే తేడా ఉంది. లేవీయకాండం 17:15 ప్రకారం చచ్చినదాన్ని తిన్నవాడు దేశస్థుడైనా పరదేశైనా బట్టలు ఉతుక్కుని స్నానం చేయాలి, సాయంత్రం దాకా అపవిత్రుడు. ద్వితీయోపదేశకాండమేమో పరదేశికే ఇచ్చేయమంటుంది. నాకు అర్థమైనంతలో లేవీయకాండం ఆలోచన నేల చుట్టూ తిరుగుతుంది. 18వ అధ్యాయం చివర చూడండి, పాపంతో దేశం అపవిత్రమై నివాసులను కక్కేసిందని రాశారు. నేలకి పాపం చేసినవాడి కులగోత్రాలతో పనిలేదు, అందుకే పరదేశికీ అదే నియమం. ద్వితీయోపదేశకాండం జనం చుట్టూ తిరుగుతుంది, మీరు ప్రతిష్ఠిత జనం కాబట్టి తినకండి అంటుంది. ఆ జనంలో లేని పరదేశి అక్కడ ఆకలితో ఉన్న మనిషి, వాడికి మాంసం దొరికితే మంచిదే. రెండు చోట్లా పరదేశి మీద శ్రద్ధ ఉంది, కానీ ఒకే రకం శ్రద్ధ కాదు. బలవంతంగా కలపకుండా, రెండూ పక్కపక్కన పెట్టి ఆ అమ్మాయికి చూపించండి.

ఇంకొకటి. నిర్గమ 12:49కి ముందు 48 ఉంది. సున్నతి పొందితేనే పరదేశి పస్కా తినాలి, అప్పుడతడు దేశంలో పుట్టినవాడితో సమానం. అంటే అక్కడ సమానత్వానికి ఒక తలుపు ఉంది, తలుపు దాటితేనే లోపల అందరూ ఒకటి.

సందేహి:
నేను విశ్వాసిని కాదు, కానీ ఈ పుస్తకాలు శ్రద్ధగా చదివాను. బెంచీ తమ్ముడు రాసింది బాగుంది. ఒక్క అభ్యంతరం.

పరదేశికి సమానత్వం, అన్యుడికి మాత్రమే తేడా అన్నావు. లేవీయకాండం 25:44-46 చదువు. చుట్టుపక్కల జనాల నుంచి బానిసలను కొనుక్కోవచ్చు. అంతటితో ఆగలేదు. మీ మధ్య నివసించే పరదేశుల పిల్లలను కూడా కొనుక్కోవచ్చు, మీ పిల్లలకు ఆస్తిగా ఇచ్చుకోవచ్చు, ఎప్పటికీ. అదే అధ్యాయం 47వ వచనం నుంచి ఇంకో సందర్భం ఉంది: పరదేశి ధనవంతుడై పేద ఇశ్రాయేలీయుణ్ణి కొంటే, అతన్ని ఏడాది కూలివాడిలా చూడాలి, కఠినంగా ఏలకూడదు, బంధువులు విడిపించుకోవచ్చు, ఎవరూ విడిపించకపోతే సునాద సంవత్సరంలో (యాభై ఏళ్లకోసారి వచ్చే విడుదల సంవత్సరం) పిల్లలతో సహా వెళ్లిపోతాడు. యజమాని ఇశ్రాయేలీయుడైతే పరదేశి పిల్లలు శాశ్వతంగా బానిసలు. యజమాని పరదేశి అయితే ఇశ్రాయేలీయుడికి గడువుంది. "ఒకటే విధి" అన్న మాట 24:22లో ఉంది. దాని తర్వాతి అధ్యాయమే ఇది. ఒకే పుస్తకం, పక్కపక్క పేజీలు.

ఇంకో బాధ. ఆ 24:22 వచ్చింది ఏ సందర్భంలో? ఒక మనిషిని రాళ్లతో కొట్టి చంపే తీర్పులో. ఇక్కడ సమానత్వం శిక్షలోనే వచ్చింది. చట్టం భారం సమానం, దాని నీడ సమానం కాదు. నేనిది ఎగతాళికి అనడం లేదు. ఇప్పటి లోకంలో కూడా వలస వచ్చినవాడి పట్ల చట్టం ఇలాగే ఉంటుంది కాబట్టి అంటున్నాను.

విశ్రాంత_కాపరి:
సందేహి గారూ, మీరు అడిగిన తీరు నాకు నచ్చింది. 25:44ని మేము ప్రసంగాల్లో దాటేస్తాం. దాటేయకూడదు.

24వ అధ్యాయం కథ పూర్తిగా చూద్దాం. షెలోమీతు అని దాను గోత్రపు స్త్రీ. ఆమె తండ్రి దిబ్రీ. ఆమె కొడుక్కి తండ్రి ఐగుప్తీయుడు, అంటే ఈజిప్టువాడు. పాళెంలో ఒక ఇశ్రాయేలీయుడితో గొడవపడి, ఆ కోపంలో దేవుని నామాన్ని దూషించాడు. మోషే వెంటనే తీర్పు చెప్పలేదు. అతన్ని కావలిలో ఉంచి, దేవుడు ఏమంటాడో అని కనిపెట్టాడు. ఎందుకంటే ఇతను ఎవరి మనిషి? ఇశ్రాయేలీయుడా, పరదేశా? ఏ చట్టం కింద విచారించాలి? దానికి జవాబుగానే పరదేశికీ స్వదేశికీ ఒకటే అన్న మాట వచ్చింది.

గొడవ దేని గురించో బైబిల్ చెప్పదు. యూదుల పాత వ్యాఖ్యానాల్లో మాత్రం ఒక వివరణ ఉంది. అతను దాను గోత్రం పాళెంలో డేరా వేసుకోబోయాడట. మా అమ్మ దాను గోత్రమే అన్నాడు. వాళ్లేమో ఎవరైనా తమ తమ పితరుల కుటుంబాల ధ్వజం దగ్గర దిగాలన్న నియమం చూపించారు (సంఖ్యాకాండం 2:2). తండ్రి ఐగుప్తీయుడు కాబట్టి నీకు ఇక్కడ చోటు లేదన్నారు. అతను మోషే న్యాయస్థానానికి వెళ్లి ఓడిపోయి, బయటికొచ్చి దూషించాడు. ఇది వ్యాఖ్యానమే, లేఖనం కాదు. కానీ ఆ పెద్దలు ఎంత సూటిగా చూశారో గమనించండి. శిక్ష దగ్గర అందరితో సమానుడైన మనిషి డేరా దగ్గర సమానుడు కాలేకపోయాడు. సందేహి గారు ఇప్పుడు అంటున్నదీ అదే.

నల్లకోటు:
విజయవాడలో ప్రాక్టీసు. 24వ అధ్యాయం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అక్కడ కేవలం రాళ్లు రువ్వడమే లేదు.

17 నుంచి 22 వరకు చదవండి. ప్రాణానికి ప్రాణం, కంటికి కన్ను, పంటికి పన్ను. దాని వెంటనే పరదేశికీ స్వదేశికీ ఒకటే అంటారు. అంటే పరదేశి కన్ను పొడిచినవాడికీ అదే శిక్ష. చివరి వాక్యం నేరస్థుడైన పరదేశికి ఎంత వర్తిస్తుందో, బాధితుడైన పరదేశికి అంతే వర్తిస్తుంది. బబులోను రాజు హమ్మురాబి శాసనంతో పోల్చండి, అది క్రీస్తుపూర్వం 18వ శతాబ్దం నాటిది. అందులో పైతరగతి మనిషి కన్ను పొడిస్తే కన్ను తీస్తారు, అతని కింది తరగతివాడి కన్నైతే ఒక మీనా వెండి, బానిస కన్నైతే అతని వెలలో సగం. అక్కడ తేడా తరగతిని బట్టి, దేశాన్ని బట్టి కాదు, నిజమే. అయినా బాధితుడెవరన్నదాన్ని బట్టి కన్ను ఖరీదు మారుతుంది. లేవీయకాండంలో పరదేశి కన్ను చవక కాలేదు.

శరణు పట్టణాలు కూడా చూడండి. సంఖ్యాకాండం 35:15 ప్రకారం పొరపాటున ప్రాణం తీసిన పరదేశి కూడా ఆ ఆరు పట్టణాల్లో దేనికైనా పరుగెత్తవచ్చు. ఇది భారం కాదు, శుద్ధమైన రక్షణ. ద్వితీయోపదేశకాండం 1:16లో న్యాయాధిపతులకిచ్చిన మొదటి ఆదేశం కూడా సహోదరుల మధ్యా, పరదేశితోనూ న్యాయంగా తీర్పు తీర్చమనే.

అయితే ఒక లోపం నాకు కనబడుతుంది. ఆ కాలంలో పోలీసులు లేరు. హత్య జరిగితే వెంటపడేవాడు చనిపోయినవాడి దగ్గరి బంధువు. భూమి పోతే విడిపించేవాడూ అతనే. పరదేశికి ఆ బంధువు ఎక్కడున్నాడు? హక్కు రాసి ఉంది, అమలు చేయించేవాడు లేడు. అందుకే ద్వితీయోపదేశకాండం 10:18లో దేవుడే పరదేశిని ప్రేమించి అన్నవస్త్రాలు ఇస్తాడని రాశారనుకుంటాను. 27:19లో పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు, వీళ్ల న్యాయం తప్పించేవాడు శాపగ్రస్తుడు అన్నారు. ఆ శాపాల వరుసలో చాలావరకు చాటుగా, సాక్షి లేకుండా జరిగే నేరాలే. పట్టుకునేవాడు లేని చోట శాపం పెట్టారు.

మన రాజ్యాంగం కూడా ఈ గీతను ఇలాగే గీసింది. 14వ అధికరణం "ఏ వ్యక్తికైనా" చట్టం ముందు సమానత్వం అంటుంది, పౌరుడని అనలేదు. 21 కూడా అంతే. 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు దాని మీదే నిలబడి వాళ్ల ప్రాణాలు కాపాడమని అరుణాచల్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. 19వ అధికరణం మాత్రం పౌరులకే. భూమి దగ్గరికొస్తే ఇంకా బిగుతు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో వచ్చే మనవాళ్లు ఇక్కడ ఫ్లాట్ కొనుక్కోవచ్చు, వ్యవసాయ భూమి కొనలేరు. నాన్నగారి పొలం వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ప్రాణం దగ్గర అందరూ, నేల దగ్గర కొందరు. దాను పాళెంలో జరిగిన గొడవకి ఇది ఎంత దగ్గరో చూడండి.

పెద్దపల్లి_పోరడు:
అన్నలూ, నేను కోర్టు సంగతి కాదు, కూలి సంగతి చెప్త.

మా దిక్కు ఇటుక బట్టీలల్ల ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తరు. ఊళ్లె ఉండంగనే అడ్వాన్సు ఇచ్చి తీసుకొస్తరు. ఇక్కడ వారానికి తిండి ఖర్చులకు మాత్రమే ఇచ్చి, లెక్క సీజన్ చివరికి చూస్తరు. భాష రాదు, పిల్లలకు బడి ఉండదు, చివరికి లెక్క ఎట్ల తేలితే అట్లనే. చట్టం లేకుండెనా అంటే ఉండె. 1979ల అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. స్థానిక కూలీకి ఎంత ఇస్తరో అదే పనికి వలస కూలీకీ అంతకు తక్కువ ఇయ్యొద్దని అందుల ఉండె, 2025ల దాని జాగల కొత్త కార్మిక కోడ్ వచ్చింది. ఒకటే విధి అన్నట్టే.

మా చర్చిల అయ్యగారు ద్వితీయోపదేశకాండం 24:14, 15 చదివిండు. కూలివాడు నీ సహోదరుడైనా నీ దేశంల ఉన్న పరదేశైనా సరే, వాని కూలి ఆనాడే ఇయ్యాలె, పొద్దు గూకకముందే ఇయ్యాలె, వాడు దాని మీదనే ఆశ పెట్టుకున్నడు అని. నాకైతే బైబిల్ మొత్తంల ఒకటే విధి అంటే ఇదే అనిపిస్తది. వడ్డీ గురించి లొల్లి మంచిదే గని, పొద్దుగూకక ముందు అన్న మాట ఎవ్వరికీ రెండు తీర్ల అర్థం కాదు.

రాత్రి_డ్యూటీ:
పెద్దపల్లి తమ్ముడూ, ఆ వచనం నాది కూడా. కువైట్‌లో నర్సుగా ఉన్నాను. మాలాంటివాళ్లకి పాస్‌పోర్టు, వీసా అన్నీ స్పాన్సర్ చేతిలో ముడిపడి ఉంటాయి. నేను మొదట చేరిన చోట జీతం నెలల తరబడి ఆపారు. అడగడానికి టెన్షన్, అడిగితే వెనక్కి పంపేస్తారని. ఫిర్యాదు చేసే ఆఫీసు ఉంది, కాగితాలన్నీ అరబ్బీలో. నల్లకోటు గారు అన్నట్టు హక్కు రాసే ఉంది, నా తరఫున నిలబడేవాళ్లు లేరు. చివరికి నాలాగే వచ్చిన ఒక మలయాళీ అక్క తోడు వచ్చి మాట్లాడింది.

అందుకే నాకు లేవీయకాండం 19:34 వేరేలా వినబడుతుంది. నిన్ను నువ్వు ప్రేమించుకున్నట్టు పరదేశిని ప్రేమించు, ఐగుప్తులో మీరూ పరదేశులే కదా. నిర్గమ 23:9లో ఇంకా దగ్గరగా చెప్పారు, పరదేశి మనసు ఎలా ఉంటుందో మీకు తెలుసు అని. చట్టం రాసేవాడు పరదేశిగా బతికినవాడైతే ఇలా రాస్తాడు. సందేహి గారూ, 25:44 నాకూ కష్టంగానే ఉంది. ఐగుప్తు గుర్తున్నవాళ్లు అది ఎలా రాశారో నాకర్థం కాదు.

సందేహి:
అక్కా, మీరు రాసింది చదివాక నాకు ఇంకో వచనం గుర్తొచ్చింది, నా వాదనకి ఎదురుగా ఉన్నదైనా చెప్పాలి. ద్వితీయోపదేశకాండం 23:15, 16. యజమాని నుంచి తప్పించుకుని నీ దగ్గరికొచ్చిన బానిసను తిరిగి అప్పగించకూడదు, అతనికి ఇష్టమైన ఊళ్లో నీ మధ్యే ఉండనివ్వాలి, బాధపెట్టకూడదు. నీ ఊళ్లలో తనకిష్టమైన చోట ఉండనివ్వమన్నారంటే అతను బయటి దేశం నుంచి పారిపోయి వచ్చినవాడే అయ్యుండాలి. హమ్మురాబి శాసనంలో పారిపోయిన బానిసను ఇంట్లో దాచినవాడికి మరణశిక్ష. ఇక్కడ దాచడం విధి. రాత్రి పారిపోయి వచ్చినవాడు తెల్లారేసరికి పరదేశి అవుతాడు, ఒకటే విధి కిందికొస్తాడు.

కానీ రాజ్యం వచ్చాక ఏమైంది? రెండో దినవృత్తాంతములు 2:17, 18. సొలొమోను దేశంలోని పరదేశులను లెక్కపెట్టించాడు, 1,53,600 మంది తేలారు. 70,000 మంది బరువులు మోయడానికి, 80,000 మంది కొండల్లో రాళ్లు కొట్టడానికి, 3,600 మంది వాళ్ల మీద అధికారులుగా. దేవాలయమే అలా కట్టారు. ప్రేమించమన్న పరదేశిని ముందు లెక్కపెట్టి తర్వాత పనికి తోలారు. ఈ లెక్క గ్రంథంలో దాచకుండా రాసినందుకు మాత్రం ఆ రచయితల మీద నాకు గౌరవం.

విశ్రాంత_కాపరి:
సొలొమోను తండ్రి దావీదు సంగతి కూడా అంతే. ఊరియా హిత్తీయుడు. రాజు అతని భార్యను తీసుకుని, అతన్ని యుద్ధంలో ముందుకు తోయించి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి, పోయినవాడు హిత్తీయుడే కదా అనలేదు. రాజు ముందే నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. లేవీయకాండం 24 అక్కడ అమలైందంటాను, రాజు మీద.

సందేహి గారికీ నర్సమ్మకీ 25:44 విషయంలో నా దగ్గర సమాధానం లేదు, అబద్ధపు సమాధానం చెప్పను. కానీ దాను పాళెం గొడవకి మాత్రం బైబిల్లోనే జవాబుంది. యెహెజ్కేలు 47:22, 23. దేశాన్ని కొత్తగా గోత్రాలకు పంచేటప్పుడు, మీ మధ్య ఉండి పిల్లల్ని కన్న పరదేశులకు కూడా చీట్లు వేయండి, వాళ్లను దేశంలో పుట్టినవాళ్లలాగే చూడండి, ఏ గోత్రంలో పరదేశి నివసిస్తున్నాడో ఆ గోత్రంలోనే వాడికి స్వాస్థ్యం ఇవ్వండి. స్వాస్థ్యం అంటే భూమి. షెలోమీతు కొడుకు అడిగినట్టు వ్యాఖ్యానకర్తలు చెప్పింది సరిగ్గా ఇదే కదా, అమ్మ గోత్రంలో చోటు. ఆ మాట చెప్పిన యెహెజ్కేలు అప్పటికి బబులోనులో చెరలో ఉన్నాడు. ఈ దర్శనం వచ్చింది చెరలోకి వెళ్లిన 25వ ఏట అని 40:1 చెబుతుంది. పరాయి నేల మీద ముసలివాడవుతున్న యాజకుడు పరదేశికి భూమి రాసిచ్చాడు.

హీబ్రూ_బెంచీ:
అయ్యగారూ, చాలా బాగా కలిపారు. ఒకటి చేర్చాలి: ఆ పంపకం జరగలేదు. చెర నుంచి తిరిగొచ్చాక ఎజ్రా 10లో అన్య భార్యలను పిల్లలతో సహా పంపేశారు. మరోపక్క రూతు మోయాబీయురాలు, ద్వితీయోపదేశకాండం 23:3 మోయాబీయుణ్ణి సమాజంలోకి రానివ్వదు, ఆమె మునిమనవడు దావీదు. యెషయా 56 పరదేశి "నన్ను వెలివేస్తారు" అని చెప్పుకోనక్కర్లేదంటుంది. చెర తర్వాతి సమాజం ఈ ప్రశ్న మీద తనలో తానే వాదించుకుంది.

అపొస్తలుల కార్యములు 15లో మళ్లీ ఇదే ప్రశ్న. అన్యజనులు సున్నతి పొందాలా? యెరూషలేము పెద్దలు వద్దన్నారు, నాలుగే మానమన్నారు: విగ్రహార్పితం (విగ్రహాలకు అర్పించిన తిండి), రక్తం, గొంతుపిసికి చంపినవి, జారత్వం. లేవీయకాండం 17, 18 అధ్యాయాల్లో పరదేశికి ప్రత్యేకంగా వర్తింపజేసిన నిషేధాలకి ఇవి చాలా దగ్గర. చేయకూడనివి అందరికీ, చేయవలసినవి అందరికీ కాదు. పండుగప్పుడు పర్ణశాలల్లో ఉండమన్నది కూడా లేవీయకాండం 23:42లో దేశంలో పుట్టినవాళ్లకే. నిర్గమ 12:48లోని తలుపును అక్కడ తీసేశారు, పరదేశి చోటు మాత్రం ఉంచారు.

గోదావరి_గట్టు:
అందరికీ చాలా కృతజ్ఞతలు. ఈ వారం లేవీయకాండం 24, 25 ఒకే సిట్టింగ్‌లో చదివిస్తాను, 44వ వచనం దాటేయను. ఆ తర్వాతి వారం యెహెజ్కేలు. పెద్దపల్లి తమ్ముడు చెప్పిన కూలి వచనం ముందే చదివించాలనుంది, ఎందుకంటే మా పిల్లల్లో ముగ్గురి నాన్నలు గల్ఫ్‌లో ఉన్నారు. నల్లకోటు గారూ, శరణు పట్టణాలకి యెహోషువ 20 చాలా, సంఖ్యాకాండం 35 కూడా కావాలా?

నల్లకోటు:
రెండూ చదివించండి. 35లో విచారణ పద్ధతి ఉంది: సమాజం ముందు నిలబడేదాకా చంపకూడదు, ఒక్క సాక్షి మాట మీద మరణశిక్ష వేయకూడదు. యెహోషువ 20లో పట్టణాల పేర్లు: కెదెషు, షెకెము, హెబ్రోను, యొర్దాను అవతల బేసెరు, రామోతు, గోలాను. మ్యాపు దగ్గర పెట్టుకోండి, ఉత్తరం నుంచి దక్షిణం దాకా నదికి రెండువైపులా మూడేసి కనబడతాయి. 9వ వచనంలో పరదేశి పేరెత్తారు, అది ఆ అమ్మాయి చేతే చదివించండి.